రెండు నుంచి నాలుగు దాకా

సెప్టెంబర్ 4

మారికా ఉత్తరం రాసింది. ఆవిడ టాలిన్‌లో కూర్చుని మా పోకర్ పాఠాల సైటు నడుపుతుంది. ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. నాకు భయం వేసింది అందుకే.

"రుమెన్, మీ పాఠాల్లో తప్పులేమీ లేవు. కాకపోతే రెండో నిమిషం దాటాక వాటిలో మనుషులు కూడా లేరు. అక్టోబరంతా సైటును ఉచితంగా తెరిచి ఉంచుతున్నాం, కొత్తవాళ్లు వస్తారు. నెలాఖరుకల్లా మీ వీడియోల్ని జనం సగటున సగం దాకా అయినా చూడాలి. లేకపోతే మీ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు. పద్ధతి మార్చి చూడండి."

నా పద్ధతికేం వచ్చింది? నల్లటి తెర, తెల్లటి అంకెలు, నా గొంతు, ముప్పావుగంట. ఎంత పందేనికి ఎంత శాతం గెలిచే వీలుండాలో ఇంగ్లీషులో వరసగా చెప్పుకుంటూ పోతాను. సంగీతం లేదు, వెకిలి వేషాలు లేవు. చదువంటే అంతే మరి.

ఒక్కడికి మాత్రం ఆ సంగతి తెలుసు. చూసేవాళ్ల పేర్లు నాకు కనిపించవు, ఊరు కనిపిస్తుంది. మా ప్లొవ్‌దివ్‌లోనే ఎవరో ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం రెండు దాటగానే మొదలుపెట్టి చివరి క్షణం దాకా చూస్తాడు, ఒక్కసారి కూడా ముందుకు జరపడు. ఎవరో మహానుభావుడు.

సెప్టెంబర్ 7

ఆదివారం భోజనాల దగ్గర జ్లాత్క ఆ ఉత్తరం సంగతి వాళ్ల తమ్ముడి చెవిన వేసింది. కట్టుకున్న పెళ్లామే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ప్లామెన్‌కి టైర్ల షాపు ఉంది. ప్రపంచంలోని ప్రతి కష్టానికీ టైర్లలోనే మందుందని అతని నమ్మకం.

"బావా, నవంబర్లో ఊరు ఊరంతా చలికాలం టైర్లు వేయించుకోవడానికి నా మీద పడుతుంది. మనుషులు చాలట్లేదు. దిమితర్ పండగ దాకా నీ పేకముక్కలు ఆడుకో, ఆ తర్వాత వచ్చి జాకీ పట్టుకో."

"నేను ఆడను, నేర్పుతాను," అన్నాను.

"నేనూ అదే అంటున్నా. ఆడి గెలవలేనివాళ్లే కదా నేర్పేది!"

అందరూ నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు, చిక్కుడుగింజల పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నారు. పూర్వం పాలేర్లు ఒక యజమానిని వదిలి ఇంకో యజమాని దగ్గర చేరేది అక్టోబర్ చివర్లో వచ్చే ఆ పండగ నాడేనట. సైట్లో చోటు పోతే వస్తానని నేనూ ఒప్పుకున్నాను. అప్పటికి రెండు గ్లాసుల రకియా సారా లోపలికి వెళ్లింది, మాట బయటికి వచ్చింది.

సెప్టెంబర్ 8

ఆ ఒక్కడు ఇవాళ కూడా చూశాడు. చివరిదాకా.

సెప్టెంబర్ 11

కొత్త పద్ధతి. తెర మూలన నా మొహం. మాట్లాడే మనిషి కళ్లు కనిపిస్తే జనానికి నమ్మకం కుదురుతుందని ఎక్కడో చదివాను. పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకున్నాను. కింద నిక్కరే ఉంది, అంతవరకూ కెమెరా చూడదు.

సెప్టెంబర్ 14

మారికా మళ్లీ రాసింది. జర్మనీలో ఒక శిష్యుడు రెండు జాకీ ముక్కలు చేతిలో పెట్టుకుని, నా వీడియో చూస్తూ, ఉన్నదంతా పెట్టి పోగొట్టుకున్నాడట. "ఇక్కడ ముక్కలు పారేయడమే మంచిది, ముందుకు వెళ్లొద్దు," అని నేను స్పష్టంగా చెబుతూనే ఉన్నాను.

"నోటితో వద్దంటూ తల పైకీ కిందికీ ఆడిస్తున్నారు," అని మారికా రాసింది. "ఆ శిష్యుడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. తలనే నమ్మాడు."

వద్దన్నప్పుడు తల పైకీ కిందికీ కాక ఎటు ఆడించాలి? పుట్టిన దగ్గర్నుంచి మా ఊళ్లో కాదనడం అలాగే, ఔనంటే అటూ ఇటూ. మిగతా లోకంలో తలలు తిరగబడి ఉన్నాయని నాకూ తెలుసు. కానీ తల ఊపేటప్పుడు ఎవడు ఆలోచించుకుంటాడు? రెండోసారి మెడ బిగబట్టుకుని రికార్డు చేశాను. జ్లాత్క చూసి, "మెడ పట్టేసిందా? అమ్మ దగ్గర ఆవనూనె ఉందేమో అడగనా?" అంది.

మొహం తీసేశాను.

సెప్టెంబర్ 20

ఇంకో పద్ధతి. కూర్చోబెట్టి పాఠం చెప్పడం కాదు, నేను నిజంగా ఆడుతూ, ఆడేటప్పుడు బుర్రలో ఏం తిరుగుతోందో ఎప్పటికప్పుడు బయటికి చెప్పేయడం. ఈ రకం వీడియోలకు గిరాకీ ఉందట. ఇవాళ బ్రహ్మాండంగా మొదలైంది. చేతిలో ఇస్పేటు ఆసు, రాణి. బల్ల మీద ఇస్పేట్లు మూడు. అవతలివాడు ఉన్నదంతా నెట్టాడు. నాకు పూనకం వచ్చింది, ఇంగ్లీషు మరిచిపోయి మా భాషలోకి దిగిపోయాను.

ఆ తర్వాత వేడినీళ్ల గొట్టం మీద టంగ్ టంగ్ టంగ్. ఆ తర్వాత తలుపు మీద. అత్తగారు. వాళ్లది మూడో అంతస్తు, మాది నాలుగు. చేతిలో గరిటె ఉంది, గొట్టాన్ని కొట్టింది దానితోనే. ఆవిడ మా బ్లాకు పెద్ద కూడా. లిఫ్టు, చెత్త, గోడల సున్నం, మనుషుల ప్రవర్తన, అన్నీ ఆవిడ చేతిలోనే.

"అల్లుడు గారూ, ఇంట్లో గడియారం ఉందా?"

ఆవిడకి కోపం వస్తే నాకు 'గారు' వస్తుంది.

"ఉంది అత్తయ్యా."

"ఎంతయింది?"

"రెండుంబావు దాటింది."

"కింద తలుపు మీద ఏం రాసి ఉంది?"

"రెండు నుంచి నాలుగు దాకా నిశ్శబ్దం."

"ఎవరు రాశారు?"

"మీరే."

"మరి నా నెత్తిన ఎవడో 'చావు, చావు, చచ్చావురా' అని అరుస్తుంటే నేనేమనుకోవాలి? ఐదో అంతస్తు గెర్గానకి గుండె దడ వచ్చింది. నా కూతుర్నే చంపేస్తున్నావేమోనని పోలీసులకు ఫోన్ చేయబోయింది."

"అది ఆటలో మాట అత్తయ్యా. జ్లాత్క ఆఫీసులో ఉంది."

"ఏ మాటైనా సరే, చచ్చేవాణ్ని నాలుగు దాటాక చావమను."

ఆ ఆటలో నేను ఓడిపోయాను కూడా.

సెప్టెంబర్ 21

ఆ ఒక్కడు నిన్నటి వీడియో నాలుగో నిమిషంలోనే వదిలేసి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు వెళ్లిపోతే నాకేం అనిపించలేదు. వాళ్లు ఎప్పుడూ ఉండరు. ఇతను వెళ్లాడు. మనసు పాడైపోయింది. బాల్కనీలన్నిట్లో బుంగమిరపకాయలు కాలుస్తున్నారు, ఆ కమ్మటి వాసనకి కూడా ఆకలి పుట్టలేదు. నిజానికి జ్లాత్క బలవంతం మీద రెండు ప్లేట్లు తిన్నాను.

సెప్టెంబర్ 26

ఆ ఒక్కడు కలోయానే అయి ఉంటాడని అనుమానం వచ్చింది. మూడేళ్ల కిందట నా దగ్గర ముక్కలు పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడి వీడియోలు అదే సైట్లో పరిగెడుతున్నాయి. కాఫీకి పిలిచి, తిప్పి తిప్పి అడిగాను.

"మధ్యాహ్నం పూట ఏం చేస్తుంటావురా?"

"జిమ్‌కి వెళ్తాను గురువుగారూ."

"నా వీడియోలు చూస్తుంటావా?"

"చూస్తాను."

"చివరిదాకా?"

వాడు కాఫీ కప్పులోకి చూశాడు. వాడు కాదని అర్థమైంది.

"ఏమీ అనుకోకండి," అన్నాడు. "మీరు జవాబుతో మొదలుపెడతారు. ముందు చిక్కు చూపించాలి. ఒక్క పంపకం, ఒక్క నిర్ణయం, అంతే. అక్కడ ఆపేసి, 'మీరైతే ఏం చేస్తారు?' అని అడగండి. వాళ్లు ఒక జవాబు అనుకున్నాక అది తప్పో ఒప్పో తెలిసేదాకా కదలరు. మనిషి నైజం. శిష్యుడు ఆడిన ఆటనే తీసుకుని తప్పులు చూపించడం ఇంకా మంచిది. ఇంకొకడు తిట్లు తింటుంటే ఎవరైనా చివరిదాకా చూస్తారు."

నా శిష్యుడు నాకు పాఠం చెప్పాడు. వాడి కాఫీకి డబ్బు నేనే ఇచ్చాను.

అక్టోబర్ 1

కలోయాన్ చెప్పినట్టు ఎందుకు చేయకూడదు? చేస్తాను.

అక్టోబర్ 3

గంట పద్ధతి. ముక్కలు చూపిస్తాను, చిక్కు చెబుతాను, గణగణమని గంట మోగుతుంది. "ఆగండి! మీరైతే ఏం చేస్తారు?" మళ్లీ గంట. అప్పుడు జవాబు. గంట కోసం నా చిన్నప్పటి బడి గంట చప్పుడు వెతికి పట్టుకున్నాను. అది వింటే ఎంతటివాడైనా నిటారుగా కూర్చోవాల్సిందే. సైట్లో నా పేరు నొక్కగానే ముందు ఈ వీడియోయే పెద్ద బొమ్మగా కనిపించేలా పైన పెట్టాను. పాతవన్నీ కిందికి పోయాయి.

అక్టోబర్ 6

పనిచేస్తోంది! జనం మూడో వంతు దాటి చూస్తున్నారు. మారికా ఉత్తరం చివర ఒక నవ్వు మొహం పెట్టింది, టాలిన్ నుంచి వచ్చిన మొట్టమొదటి నవ్వు.

ఆ ఒక్కడు మాత్రం మొదటి గంటకే వెళ్లిపోతున్నాడు. రోజూ రెండింటికి వస్తాడు, మొదలుపెడతాడు, గంట మోగుతుంది, పోతాడు. కాసేపాగి మళ్లీ వస్తాడు, మళ్లీ గంట. అంత చదువుకున్నవాడికి గంటంటే అంత కోపమెందుకో.

అక్టోబర్ 9

అత్తగారికి ఏమైందో తెలియడం లేదు. లిఫ్టులో సైకిలు ఎక్కించాడని రెండో అంతస్తు కుర్రాణ్ని ఏడిపించారు. గెర్గానమ్మతో చెత్తసంచి దగ్గర యుద్ధం. కింద తలుపు మీద ఒక్క వారంలో నాలుగు కొత్త నోటీసులు, ఒకటి పావురాలను ఉద్దేశించి రాసింది.

"అమ్మకి ఈ మధ్య మధ్యాహ్నం నిద్ర పట్టట్లేదు," అంది జ్లాత్క, నా వైపు అదోలా చూస్తూ.

"వయసు," అన్నాను. గంట చప్పుడు ఇంకొంచెం పెంచే పనిలో ఉన్నాను.

అక్టోబర్ 13

శిష్యుడి తప్పులు చూపించే వీడియోకి ఎవరూ ముందుకు రాలేదు. ప్లామెన్‌ని కూర్చోబెట్టాను. ముక్కలు చూడకుండానే ప్రతిసారీ ఉన్నదంతా నెట్టాడు, ప్రతిసారీ గెలిచాడు.

"ఇందులో నేర్పడానికేముంది బావా?" అన్నాడు.

ఆ వీడియో చెరిపేశాను.

అక్టోబర్ 16

సగానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాను. గంట వీడియోని పైన అలాగే ఉంచితే చాలు, గండం గట్టెక్కినట్టే. ఈ ముక్క రాస్తున్న చేతిని తిప్పి చూసుకున్నాను. నవంబర్లో జాకీ పట్టుకోవాల్సిన చేయి కాదిది.

అక్టోబర్ 17

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

భోజనం కాగానే జ్లాత్క ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "అమ్మ టాబ్లెట్ ఏదో పాడైందట, ఒక్కసారి కిందికి వెళ్లి చూడు."

వెళ్లాను. అత్తగారు మంచం మీద దిండు ఆనుకుని కూర్చుని ఉన్నారు. కళ్ల కింద నల్లటి చారలు. ఆవిడ ఇంత చిన్న మనిషని ఎప్పుడూ అనిపించలేదు నాకు. టాబ్లెట్ చేతిలో పెట్టారు. తెర మీద నా పేరుంది. నా గంట వీడియో, మొదటి గంట దగ్గర ఆగి ఉంది.

"పాడైంది నాయనా," అన్నారు. 'గారు' లేదు. "ముందు బాగానే పలికేది. ఇప్పుడు కన్ను మూతపడే వేళకి గంట కొడుతోంది. దడుచుకుని లేస్తున్నాను. ఆ పాతది పెట్టి పో."

"ఏ పాతది అత్తయ్యా?"

"అదే, నువ్వు చదువుకుంటూ పోయేది. థర్టీ త్రీ, సిక్స్టీ సిక్స్ అని."

కుర్చీలో కూర్చున్నాను. గంట మోగితే నిటారుగా కూర్చుంటారు కదా, అలా.

"మీకు ఇంగ్లీషు రాదుగా?"

"రాదు. రాకపోబట్టే కదా." నవ్వారు. "మీ మావయ్య ఉన్నప్పుడు భోజనం కాగానే రేడియో పెట్టేవాడు. డాన్యూబు నీళ్లు ఎక్కడ ఎంత ఎత్తున ఉన్నాయో చదివేవాళ్లు చూడూ. విదిన్ దగ్గర ఇన్ని సెంటీమీటర్లు, లోమ్ దగ్గర ఇన్ని, రుసె దగ్గర ఇన్ని. అదయ్యాక మళ్లీ అదే రష్యన్‌లో, అదయ్యాక ఫ్రెంచిలో. ఫ్రెంచి వచ్చేసరికి ఇద్దరం గుర్రు పెట్టేవాళ్లం."

"మనం ఉండేది మరిత్స నది ఒడ్డున కదా అత్తయ్యా. డాన్యూబుతో మనకేం పని?"

"అందుకే నిద్ర పట్టేది! ఆ నీళ్లు పెరిగితే మనకేంటి, తగ్గితే మనకేంటి?" దిండు సర్దుకున్నారు. "ఆయన పోయాక ఆ రేడియో పెట్టలేకపోయాను. పెడితే ఒక్కదాన్నే వింటున్నానని తెలిసిపోతుంది. జ్లాత్క నీది పెట్టిచ్చింది. నువ్వూ అచ్చం అలాగే చదువుతావు. కోపం లేదు, తొందర లేదు. పక్కగదిలో మగమనిషి ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఒక్క ముక్క అర్థం కాదు. ఎంత హాయిగా ఉంటుందో."

పాత వీడియో తెరిచి ఇచ్చాను. అది ఎక్కడుందో, ఎలా పట్టుకోవాలో చూపించాను. కళ్లద్దాలు తీసేశాక ఆవిడ వేలికి అందేది పైన ఉన్న పెద్ద బొమ్మ ఒక్కటే. మళ్లీ మళ్లీ నేర్పాను, మళ్లీ మళ్లీ గంటే మోగింది. పోనీ నేనే కూర్చుని చదువుతానన్నాను. ఐదు నిమిషాలు చదివాను. ఆవిడ లేచి కూర్చుని, "అల్లుడు ఎదురుగా కూర్చుంటే నిద్రెలా పడుతుంది? కాఫీ పెట్టనా?" అన్నారు.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, మెట్లెక్కేదాకా ఉంది. ఇంటికొచ్చాక ఆ కళ్ల కింది చారలే గుర్తొచ్చాయి.

జ్లాత్క రాగానే అడిగాను. "నీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు. రోజూ 'ఆ ఒక్కడు, ఆ ఒక్కడు' అని నీ మొహం వెలిగిపోతుంటే చెప్పలేకపోయాను."

అక్టోబర్ 18

గంట వీడియోని కిందికి దించాను. పాతదాన్ని, అన్నిటికంటే పొడుగైనదాన్ని, పైన పెట్టాను. ఇక సగానికి చేరేది లేదు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి రెండో నిమిషంలో పారిపోతారు. మంచి ముక్కలు చేతిలో ఉండగా పారేయడం ఎప్పుడన్నది నేను నేర్పే మొదటి పాఠమే. నేర్పినంత తేలిక కాదు.

ఇది అత్తగారి కోసం చేశానని అనుకోవడం లేదు. గంట పద్ధతిలో విద్యాపరంగా కొన్ని లోపాలున్నాయి.

అక్టోబర్ 19

రెండు దాటింది. ఆ ఒక్కరూ చూశారు, చివరిదాకా. ప్లామెన్‌కి ఫోన్ చేసి పని బట్టల కొలత ఇచ్చాను.

అక్టోబర్ 22

ప్లొవ్‌దివ్ నుంచి ఇవాళ ఏడుగురు. ఏడుగురూ రెండింటికి మొదలు, ఏడుగురూ చివరిదాకా. సైటు పాడైందేమో.

అక్టోబర్ 24

సైటు బాగానే ఉంది. అత్తగారు గెర్గానమ్మతో రాజీ పడ్డారు, రాజీ కానుకగా నన్ను ఇచ్చారు. గెర్గానమ్మ అసెనోవ్‌గ్రాద్‌లో ఉన్న చెల్లెలికి చెప్పింది. ఆ చెల్లెలు చర్చిలో చెప్పింది. అక్టోబరంతా ఉచితమే కదా. నాకున్న శిష్యులెంతమందని? నిద్ర పట్టనివాళ్లదే ఇప్పుడు మెజారిటీ. నిద్రపోయినవాడు వీడియోని మధ్యలో ఆపడు కదా, ముందుకూ జరపడు.

ఇవాళ లిఫ్టులో గెర్గానమ్మ నా చెయ్యి పట్టుకుని, "దేవుడు చల్లగా చూడాలి బాబూ, నీ గొంతులో ఏముందో గానీ, గుండె దడ పోయింది," అంది.

కింద తలుపు మీద పావురాల నోటీసు లేదు. దాని చోట అత్తగారి చేతిరాతలో ఇంకోటి: "రెండు నుంచి నాలుగు దాకా నిశ్శబ్దం. నిద్ర పట్టనివారు మూడో అంతస్తులో అడగండి. అల్లుడున్నాడు."

అక్టోబర్ 26, దిమితర్ పండగ

పొద్దున మారికా ఉత్తరం. నెలాఖరు దాకా ఆగాల్సిన పని లేదట, నా చోటు నాదే. "ఇన్నేళ్లలో ఇంత ఓపికగా చూసే జనాన్ని చూడలేదు. పద్ధతిలో ఏం మార్చారు? మిగతా ఉపాధ్యాయులకు కూడా చెప్పగలరా?"

నిజం రాసేద్దామని కూర్చున్నాను. చాలాసేపు ఆలోచించి, "పద్ధతి మార్చలేదు, ఎవరి కోసం చెబుతున్నానో తెలిసింది," అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

ప్లామెన్ భోజనానికి సంచిలో పని బట్టలు పట్టుకుని వచ్చాడు. సంగతి విన్నాడు. కాసేపు మొహం వేలాడేశాడు. తర్వాత నన్ను బాల్కనీలోకి లాగి, గొంతు తగ్గించి, "బావా, సీజన్ మొదలైతే నాకు నిద్రుండదు. ఆ లింకు నాక్కూడా పంపు," అన్నాడు.

రెండయ్యేసరికి అందరూ లేచి వెళ్లిపోయారు. మా బ్లాకులో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా గొంతులో ఇంతకీ ఏముందో తెలుసుకుందామని మెల్లగా మెట్లు దిగాను. అత్తగారి తలుపు అవతల నా గొంతే, ముప్పై మూడు శాతం, అరవై ఆరు శాతం. దాని వెనక సన్నగా గుర్రు. తలుపు పక్కన మెట్టు మీద కూర్చుని గోడకి తల ఆనించాను. నా వీడియో నేను చివరిదాకా ఎప్పుడూ వినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగింటికి జ్లాత్క వచ్చి భుజం తట్టి లేపింది. చొక్కా నిండా గోడ సున్నం.

పదో నిమిషం తర్వాత ఏం చెప్పానో నాకు తెలియదు. చాలా బాగా చెప్పి ఉంటాను.